పెట్టెలో ఉన్నదెవరు?

కోట అనే ఊళ్లో క్రీస్తురాజు ఇల్లెక్కడ అని అడిగితే ఎవరికీ తెలియదు. పెట్టెల క్రీస్తురాజు అంటే మాత్రం పసిపిల్ల కూడా వేలు చూపిస్తుంది, చూపించి వెంటనే ఆ వేలు వెనక్కి లాక్కుంటుంది. చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవుల ఇళ్లలో ఎవరు పోయినా భూస్థాపనకు పెట్టె చేసేది ఆయనే. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, గట్టి చేతులు, ముఖంలో నవ్వు తక్కువ. పెళ్లిచూపులకు పోయేవాళ్లు ఆయన ఎదురైతే పక్క సందులోకి తిరుగుతారు. ఇంట్లో చావు జరిగితే మాత్రం ఆ మహానుభావులే చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన షెడ్డుకు పరుగెత్తుకొస్తారు. ఆయనకు దాని మీద కోపం లేదు. నాకైతే ఉంది.

ఆయనవి కొన్ని పట్టింపులు. మనిషి పోయాకే చెక్క మీద రంపం పెడతాడు. ముందుగా చేసి నిలబెట్టిన పెట్టె ఆయన షెడ్డులో ఏనాడూ కనపడదు. బతికున్న మనిషి కొలతకు పెట్టె చేయకూడదని వాళ్ల నాయన చెప్పిపోయాడు. ఇదంతా మూఢనమ్మకం అని పాస్టర్ అయ్యగారు ఎన్నోసార్లు మందలించారు. క్రీస్తురాజు తల ఊపి వింటాడు, మళ్లీ తన పద్ధతిలోనే చేస్తాడు. టేపు వాడడు. పోయిన మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తెల్ల నూలుదారంతో తల నుంచి పాదం దాకా ఒక కొలత, భుజాలకు ఒక కొలత తీసి ముళ్లు వేస్తాడు. మూతపలక లోపలివైపు పెన్సిల్‌తో ఆ మనిషి పేరు, వయసు, ఊరు రాస్తాడు. ఆ పేరు పెట్టి ప్రార్థన చేసి, అప్పుడు పని మొదలుపెడతాడు. పెట్టె పూర్తయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడు.

ఆయన చేతిపనిలో ఇంకో విశేషం ఉంది. ఇది సముద్రం దగ్గరి నేల. కాస్త లోతు తవ్వితే నీరు ఊరుతుంది. ఉప్పుగాలికి ఇనప మేకు నాలుగు కాలాలు నిలవదు. వెనకటికి ఒక తుపానులో సమాధుల తోటలోకి నీళ్లొచ్చి, ఆయన తండ్రి చేసిన పెట్టె ఒకటి ఇసుకలోంచి పైకి తేలింది. మేకులు తుప్పుపట్టి మూత ఊడిపోయింది. లోపలిది ఊరంతా చూసింది. క్రీస్తురాజు అప్పటికి పాతికేళ్ల వాడు. వారం రోజులు అన్నం సహించలేదు. ఆ తర్వాత ఇనుము మానేశాడు. మూతను గాడిలో జారేటట్టు చేశాడు. కాళ్లవైపు నుంచి తలవైపుకు తోస్తే అది నున్నగా లోపలికి పోతుంది. పూర్తిగా పోయిన క్షణాన, మూత లోపల దాచిన నాలుగు తుమ్మచెక్క చీలలు వాటంతటవే కింది రంధ్రాల్లోకి జారిపడతాయి. ఇక ఆ మూత కదలదు. అతుకుల్లో మైనం, గుగ్గిలం కరిగించి పోస్తాడు కాబట్టి నీటిబొట్టు కూడా దూరదు. దాన్ని తెరిచే కిటుకు ఒకటి ఉంది. అది ఆయన ఎవరికీ చెప్పలేదు. మూసిన పెట్టెను ఎలా తెరవాలని ఇన్నేళ్లలో అడిగినవాడు లేడు మరి.

భార్య మగ్దలీనమ్మ పోయి పదిహేనేళ్లయింది. ఉన్నది ఒక్కతే కూతురు, అబిగయీలు. ఇరవై నాలుగేళ్లు. నాయుడుపేటలో ఒక ప్రైవేటు బడిలో టీచరు, అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఆదివారం ఆదివారం గుడికి వచ్చి, నాన్నకు రెండు పూటలు వండిపెట్టి పోతుంది. అబద్ధం చెప్పే పిల్ల కాదని ఆమె మీద తండ్రికి గట్టి నమ్మకం. ఒక్కటే పిచ్చి ఆమెకు, ‘ఉప్పుకోట’. అదొక మూడు భాగాల నవల. సముద్రం కింద కోట, మాట్లాడే శంఖాలు, లవణిక అనే రాకుమారి, ఆమెను పెంచిన నాగవల్లి అనే దాది, అలాంటి మాయల వ్యవహారం. మూడో భాగం చివర ఒక శవాన్ని పెట్టెలో పెట్టి అలల్లోకి వదులుతారు. ఆ పెట్టెలో ఉన్నదెవరో చెప్పకుండానే రచయిత పుస్తకం ముగించాడు. చదివినవాళ్లు అప్పటి నుంచి కొట్టుకుచస్తున్నారు. ఇప్పుడు దాన్ని సినిమాగా తీస్తున్నారు. కోటకు తూర్పున సముద్రపు ఒడ్డున రేకులు పాతి, సెట్టు వేసి, రెండు నెలలుగా షూటింగు చేస్తున్నారు. పెట్టెలో ముఖం సినిమాలో చూపిస్తారట. ఎవరి ముఖమో తెలుసుకోవాలని కుర్రకారు రేకుల చుట్టూ తిరుగుతున్నారు.

క్రీస్తురాజుకు ఇవేమీ పట్టవు. సినిమా చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

రెండు వారాల కిందట అబిగయీలు వారం మధ్యలో వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. చేతిలో ముళ్లు వేసిన నూలుదారం.

“మా బడిలో టీచర్ చెల్లెలు నాన్నా. జ్వరమొచ్చి పోయింది. పేరు ఎలిశబెతు. వాళ్లు ఎవురూ మాట్లాడే స్థితిలో లేరు, నేనే కొలత తీసుకోనొచ్చినా. రేపు వ్యానొస్తాది.”

“వయసెంత?”

“ఇరవై నాలుగు.”

ఆయన దారాన్ని పలక మీద సాగదీసి చూశాడు.

“నీ అంతే ఉండాది పాపా ఆ పిల్ల” అన్నాడు. ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కూతురు ముఖం పక్కకు తిప్పుకుంది. పాపం, స్నేహితురాలి చెల్లెలు కదా అనుకున్నాడు.

ఆ పెట్టెకు ఆయన పడ్డ శ్రద్ధ ఇంతా అంతా కాదు. పెళ్లికావాల్సిన పిల్ల అని వేపపలకలు ఏరి ఏరి తీశాడు. నున్నగా చిత్రిక పట్టాడు. లోపల దూది పరిచి తెల్లగుడ్డ కుట్టాడు. మర్నాడు వ్యానులో వచ్చిన ముగ్గురిలో ఒక్కడి కంట తడి లేదు. ఒకడైతే చూయింగ్ గమ్ నములుతూ “సూపర్ ఫినిషింగ్ అన్నా” అన్నాడు. దుఃఖంలో మనిషికి మతి ఉండదని క్రీస్తురాజు సరిపెట్టుకున్నాడు. ఆదివారం గుడిలో లేచి నిలబడి, నాయుడుపేటలో ప్రభువునందు నిద్రించిన ఎలిశబెతు అనే బిడ్డ కుటుంబాన్ని దేవుడు ఆదరించాలని ప్రార్థించమన్నాడు. సంఘమంతా కళ్లు మూసుకుంది. ముసలమ్మలు ఏడ్చారు. ఆడవాళ్ల వరసలో అబిగయీలు తల బాగా కిందికి వంచుకుని కూర్చుంది.

తర్వాత ఒక మంగళవారం పొద్దున ఎనిమిది దాటాక సుబ్బు షెడ్డులోకి వచ్చాడు. సుబ్బు వాళ్లది పులికాట్ వైపు చేపలు పట్టే కుటుంబం. ముప్పై ఏళ్ల వాడు, ఎదురుగా సెల్‌ఫోన్ల అంగడి. వాడికి అంగడి ఎంతో ‘ఉప్పుకోట’ అంత. అప్పుడు మాత్రం అంగడి సగం తెరిచే వచ్చేశాడు.

“మామా, సెట్టులో ఫోటోలు బయటికొచ్చేసినాయి! ఎవురో రేకుల సందులోంచి తీసి పెట్టేసినారు. గ్రూపంతా మండిపోతుండాది.”

“మండనీలే. ఆ సుత్తి ఇట్టియ్యి.”

“చూడు మామా ఒక్కసారి. పెట్టె! ఆ పెట్టే!”

పెట్టె అనేసరికి చూశాడు. ఫోటోలో ఇసుక మీద పెట్టె. దాని మూత పక్కన ఆనించి ఉంది. లోపల పట్టుబట్టల్లో ఒక ఆడమనిషి, ముఖం మీద గవ్వలు కుట్టిన వల. బయటికి కనిపిస్తున్నది ఒక చెయ్యి మాత్రమే. చెక్కపని బాగుంది, ఎవడో పనితెలిసినవాడు చేసినట్టున్నాడు అనుకున్నాడు క్రీస్తురాజు. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

సుబ్బు గ్రూపులో వచ్చినవన్నీ ఊపిరాడకుండా చదవడం మొదలుపెట్టాడు. గవ్వ గాజులున్నాయి కాబట్టి అది లవణికే అని సగంమంది. కాదు, రాకుమారి నగలు పెట్టి దాది నాగవల్లిని పడుకోబెట్టారు, ఇది శత్రువులను మోసం చేసే ఎత్తు అని సగంమంది. లవణికను చంపితే సినిమా ఆడనివ్వమని నెల్లూరు కుర్రాళ్లు. నవల చదవకుండా ఎగురుతున్నారని వాళ్లను తిడుతూ చెన్నై నుంచి ఒకాయన.

“ఇవన్నీ గాదు మామా, అసలుది విను. కావలిలో ఒకడు ఫోటోను పెద్దది జేసి, తిరగేసి చూసినాడు. మూతకు లోపలిపక్క రాతుండాదంట. ‘ఎలిశబెతు, 24, నాయుడుపేట’ అని! నవల్లో ఎలిశబెతు అనే మనిషే లేదు. నాలుగో భాగంలో రాబోయే దొరల రాణి అంటుండారు. ఇరవై నాలుగంటే ఇరవై నాలుగో అధ్యాయమంట. ఇంకోడైతే ఉప్పుకోట నాయుడుపేట కిందనే పూడిపోయుండాదని...”

సుబ్బు పగలబడి నవ్వాడు. నవ్వి తలెత్తి చూసేసరికి క్రీస్తురాజు చేతిలో సుత్తి కింద పడిపోయి ఉంది.

“ఆ రాత చూపించు.”

చూశాడు. తన రాతే. పెన్సిల్ ఒత్తి రాసే అలవాటు, సాగిపోయే తోకలు, అన్నీ తనవే.

“సమాధి తవ్వినారు” అన్నాడు. “ఒరే సుబ్బూ, ఆ పాపిష్టోళ్లు సమాధి తవ్వి పెట్టె ఎత్తుకుపొయ్యినార్రా! ఆ బిడ్డకు నేను చేసిచ్చిన పెట్టెరా అది!”

సుబ్బు నోరు తెరిచాడు. ఫోటో వైపు చూశాడు. “అంటే మామా... ఆ లోపల ఉండేది...”

సుబ్బు ఆ చేతిని పెద్దది చేశాడు. ఎడమచెయ్యి. తెల్లటి రంగు పూసి ఉంది. చిటికెన వేలు మధ్య కణుపు దగ్గర లోపలికి వంగి ఉంది.

క్రీస్తురాజు ఆ వేలిని ఎరుగును. అబిగయీలుకు ఏడేళ్లప్పుడు ఈ షెడ్డులోనే పలక జారి చేతి మీద పడింది. ఆయనే రెండు చెక్కపేళ్లు పెట్టి కట్టు కట్టాడు. మనుషులకు పెట్టెలు చేయడం వచ్చుగానీ వేలు అతకడం రాలేదు. వంకరగానే అతికింది.

ఎలిశబెతు పెట్టెలో తన కూతురు. నూలుదారం కొలత, ఇరవై నాలుగేళ్లు, నీ అంతే ఉండాది పాపా. ఆయన గొంతులోంచి ఒక కూత వచ్చింది. చిత్రిక పొట్టులో కూలబడ్డాడు.

“మామా! లేదు మామా, బతికే ఉండాది! ఇదిగో, ఇంకో ఫోటో!” సుబ్బు ఫోను ఆయన కళ్లకు ఆనించాడు. అదే పెట్టెలో అదే ఆడమనిషి లేచి కూర్చుని, వల నెత్తి మీదికి ఎత్తుకుని, గ్లాసులో మజ్జిగ తాగుతోంది. మసకగా ఉంది. అయినా అది అబిగయీలే, నవ్వుతోంది. “మన అబిగయీలేనా ఇది! సినిమాలో ఉండాదా!”

బతికుంది. ఆ సంగతి తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక మిగిలినవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి తగిలాయి. చచ్చిపోయిన ఎలిశబెతు లేదు. ఏడ్చే తల్లిదండ్రులు లేరు. లేని శవం కోసం తను ఒక రాత్రీ పగలూ పస్తున్నాడు. లేని మనిషి కోసం సంఘాన్ని మోకరింపజేశాడు. దేవుని సన్నిధిలో కూతురు ఆడవాళ్ల వరసలో కూర్చుని అన్నీ వింది. తన కూతురు ఇలాంటి పని చేసిందని ఎవరు చెప్పినా నమ్మేవాడు కాదు. అవమానంతో ముఖం కాలిపోయింది. ఈ ముదనష్టపు పిల్లను ఇంటికి రానీ అనుకున్నాడు.

సుబ్బు ఇంకా ఫోను చూస్తూనే ఉన్నాడు. “కొత్తది పెట్టినారు మామా. ఇంతదాకా మూత సగమే వేసి తీసినారంట. ఈరోజు పదిగంటలకు మూత మొత్తం మూసి, మనిషి లోపలుండంగానే పెట్టెను అలల్లోకి తోస్తారంట. ఒకే షాటంట, కెమెరా ఆపకుండా...”

క్రీస్తురాజు కోపం అంతా ఎక్కడికి పోయిందో పోయింది. “మూత మొత్తం మూస్తారా?”

“అవును. ఏం?”

“చీలలు పడతాయిరా” అన్నాడు ఆయన. “పడితే ఆ మూత రాదు. వాళ్లకు తెలీదు. ఎవురికీ తెలీదు. గాలి కూడా పోదురా అందులోకి!”

నిజం చెప్పి అడిగి ఉంటే ఆయన సినిమాకు పెట్టె చేసేవాడే కాదు. కాళ్లావేళ్లా పడి చేయించుకున్నా, తీసేసుకునే మూతతో ఉత్తుత్తి పెట్టె చేసేవాడు. చచ్చిపోయిన పిల్ల కోసం అని చెప్పడం వల్ల, చచ్చిన మనుషులకు చేసే పెట్టే చేసిచ్చాడు. గడియారం చూశారు. తొమ్మిది కావస్తోంది. కూతురి ఫోను స్విచాఫ్. ఫోటోలు బయటికి పొక్కాక గేటు దగ్గరే లోపలికి పోయేవాళ్లందరి ఫోన్లూ లాక్కుంటున్నారని సుబ్బు చెప్పాడు. చెబుతూనే బండి తీశాడు. ఆయన ఎప్పుడు ఎక్కాడో ఎక్కడ పట్టుకున్నాడో తెలియదు. రొయ్యల గుంటల మధ్య గతుకుల రోడ్డు మీద సుబ్బు నడిపిన తీరు మామూలుగా అయితే పోలీసులు పట్టుకునే తీరు.

గేటు దగ్గర వంద మందికి పైగా ఉన్నారు. సెక్యూరిటీవాళ్లు ఆయన్ను చూసి, ఈ వయసులో ఇదేం పిచ్చి తాతా అని వెనక్కి నెట్టారు.

“ఆ పెట్టె చేసింది నేను! ఆపండయ్యా, మూత వెయ్యొద్దని చెప్పండి!”

సెక్యూరిటీవాళ్లు వినలేదుగానీ అభిమానులు విన్నారు. ఒక్క క్షణంలో చుట్టూ మూగేశారు. ఫోన్లు లేచాయి.

“పెట్టె మీరు చేశారా అంకుల్? లోపల ఎవురు? లవణికేనా?”

“నాగవల్లి కదా? ఒక్క మాట చెప్పండి అంకుల్!”

“ఎలిశబెతు అంటే ఎవురు తాతా? నాలుగో భాగమా?”

“నా బిడ్డరా!” అని అరిచాడు క్రీస్తురాజు. “అందులో ఉండేది నా బిడ్డ! మూత పడితే రాదు, నా బిడ్డ చచ్చిపోతాది!”

అంత గోల ఒక్కసారిగా ఆగిపోయింది. ఎత్తిన ఫోన్లు మెల్లగా కిందికి దిగాయి. వాళ్లంతా నవల కోసం ప్రాణం పెట్టేవాళ్లే. పెట్టెలో నిజంగా ఒక మనిషి ఉంటుందని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. నల్లని చున్నీ కప్పుకున్న ఒక అమ్మాయి ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ముఖం పాలిపోయి ఉంది.

“నా పేరు రోజా. ఫోటోలు తీసింది నేనే” అంది, పక్కవాళ్లు వింటున్నారని కూడా చూడకుండా. “సరుగుడు తోపు వెనకాల రేకు ఊడుండాది. రండి తాతా.”

సరుగుడు తోపులో ఇసుకలో పరుగు. ముందు రోజా, వెనక ఆయన, ఆయన వెనక సుబ్బు, ఇంకో పదిమంది. రేకు గీసుకుని ఆయన చొక్కా చిరిగింది. లోపలికి దూరి చూశాడు. పెట్టె అప్పటికే తడిసి ఒడ్డున ఉంది. ఆటుపోటు చూసుకుని షాటు ముందుకు జరిపారు. తీసేశారు కూడా. రేకు కవచాల్లో ఆరుగురు సైనికులు మూత పట్టుకుని లాగుతున్నారు. అది రావడం లేదు. మొదట నవ్వుకున్నారట. ఇప్పుడు ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. ఒకడు గునపం పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు.

“గునపం పెట్టొద్దు!” క్రీస్తురాజు పోయి పెట్టె మీద అడ్డం పడ్డాడు. “పలక పగిలి లోపలికి దిగతాది! ఎంతసేపయింది మూసి?”

“అరగంట అవుతోందండీ” అన్నాడు సుశీల్ కుమార్ అనే అసిస్టెంట్ డైరెక్టర్. “మీరెవరు?”

“దీన్ని చేసినోణ్ణి. బోర్లించండి!”

“లోపల మనిషి ఉంది సార్!”

“నా కూతురే ఉండేది! బోర్లించండి!”

అదే కిటుకు. పెట్టెను తలకిందులు చేస్తే చీలలు వాటి బరువుకే వెనక్కి పడతాయి. శవమున్న పెట్టెను తలకిందులు చేసేవాళ్లు లోకంలో ఉండరు. అందుకే ముప్పై ఏళ్లుగా ఆ మూతలకు అంత భద్రం. ఆరుగురు సైనికులు, సుబ్బు, రోజా, అభిమానులు, అందరూ కలిసి ఎత్తి తిప్పారు. లోపల ఏదో బరువుగా దొర్లిన చప్పుడైంది. ఆ చప్పుడుకు ఆయన కళ్లు మూసుకున్నాడు. చెక్కకు చెవి ఆనించాడు. టక్. టక్. టక్.

మూడే. నాలుగో చీల ఉప్పునీటికి ఉబ్బింది. ఆయన పిడికిలితో ఆ మూల మీద కొట్టాడు. పడలేదు. మళ్లీ కొట్టాడు. వేళ్ల కణుపులు చిట్లి చెక్క మీద రక్తం అంటింది. “ప్రభువా, నా పని నా బిడ్డ మీదికి తేవద్దు” అని బయటికే అంటూ కొట్టాడు. నాలుగోది పడింది. కింద పడుకుని భుజంతో మూతను బెత్తెడు నెట్టాడు. పెట్టెను మళ్లీ వెల్లకిలా తిప్పించి, మూతను ఒక్క గుంజు గుంజాడు.

అబిగయీలు చెమటలో మునిగి ఉంది. ముఖానికి వేసిన చావు రంగు చారలు చారలుగా కారింది. గోళ్లు విరిగి ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయిగానీ కదలడం లేదు. తర్వాత ఆ పిల్ల పెద్దగా, కీచుగా గాలి పీల్చింది, దగ్గింది, మళ్లీ పీల్చింది. రోజా గట్టిగా ఏడ్చేసింది. ఆమెకు ఏమీ కాని పిల్ల.

యూనిట్ డాక్టరు వచ్చి చూసి, ఫరవాలేదు, నీడలో కూర్చోబెట్టండి అన్నాడు. గొడుగు కింద తండ్రీ కూతుళ్లు మిగిలారు. కొట్టాలని ఆయన చెయ్యి లేచింది. లేచిన ఆ చేత్తోనే ఆమె పెదాల మీది నీలిరంగు తుడిచాడు.

“వాళ్ల ప్లైవుడ్ పెట్టెలు రెండుసార్లు అలలకు పగిలిపొయ్యినాయి నాన్నా” అంది అబిగయీలు, మాట మాటకీ ఆగుతూ. “బడికి లీవు పెట్టి షూటింగు చూసేదానికి పొయ్యినప్పుడు, మా నాన్న చేస్తే సముద్రం గూడా ఏం చెయ్యలేదని నేనే గొప్పగా చెప్పినా. నిజం చెప్తే నువ్వు చెయ్యవు. హీరోయిన్ అందులో పడుకోనంటే, నేను పడుకుంటానన్నా. నాకు ఆ కథంటే...” ఆమె తల వంచుకుంది. “గుళ్లో నువ్వు ప్రార్థన చెయ్యమని లేచినప్పుడే చచ్చిపోయినంత పనైంది. అప్పుడు చెప్పలేకపొయ్యినా.”

ఆయన ఆమె జుట్టుకు చిక్కుకున్న గవ్వల వల విడదీసి ఇసుకలో పెట్టాడు.

“ఎంత అరిచినానో నాన్నా లోపల. పలకల్ని గుద్దినా, గోళ్లతో గీకినా. మీకెవురికీ వినపళ్లేదా?”

“వినపడలేదండీ” అన్నాడు పక్కన నిలబడ్డ సుశీల్ కుమార్ తలదించుకుని. “మేం చుట్టూనే ఉన్నాం. ఒక్క శబ్దం కూడా బయటికి రాలేదు.”

ఆ మాట విన్నాక క్రీస్తురాజు ముఖం మారిపోయింది. అంతసేపూ లేని ఇంకో భయం అప్పుడు వచ్చింది. పెట్టె వైపు చూశాడు, తన చేతుల వైపు చూశాడు. ముప్పై ఏళ్లలో ఇలాంటి మూతలు ఎన్ని వేశాడో. ఎన్నిటికి చీలలు పడిన చప్పుడు విని, పని బాగా కుదిరిందని తృప్తిపడ్డాడో. వాటిలో ఒక పెట్టె దగ్గర ఆయన మనసు ఆగిపోయింది.

“మీ అమ్మ” అన్నాడు. “మధ్యాన్నం పోయింది. వాన ముంచుకొస్తుండాదని సాయంత్రానికే మూసేసినా. డాక్టరు రాలా. మేమే చూసి పోయిందనుకున్నాం. పాపా, మీ అమ్మ గాని లోపల...”

సముద్రం వైపు ముఖం తిప్పుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. అబిగయీలు ఆయన రక్తపు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“లేదు నాన్నా. విను. మీరంతా షెడ్డులో ఉన్నప్పుడు నేను అమ్మ పక్కన దూరి పడుకున్నా. ఎవురూ చూళ్లేదు. చెయ్యి పట్టుకోనే ఉన్నా చాలాసేపు. చల్లగా అయిపోయింది, వేళ్లు బిగుసుకున్నాయి. నా చెయ్యి విడిపించుకునేదానికి కూడా కష్టమైంది. అమ్మ అప్పటికే లేదు నాన్నా.”

ఆయన తిరిగి కూతురి ముఖంలోకి చూశాడు. పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల చెప్పిన మాటను ఆయన రెండోసారి అడిగి ఎరగడు.

“నిజమేనా పాపా?”

“నిజం నాన్నా.”

ఆయన ఆమె కళ్లలోకి చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి మళ్లీ అడిగాడు.

“నిజంగా నిజమేనా?”